మెల్లగా పోవడానికి ఇంత ఖర్చా!

'ఈ గేర్లు మారిస్తే బండి ఇంకా జోరుగ ఉరుకుతదా బిడ్డా?'

'ఉరకది బాపూ... ఇంకా మెల్లగ పోతది.'

'మెల్లగ పోవుడుకు గన్ని పైసలు పెడ్తవా?!'

గోదావరిఖనిలోని ఓ ఇంట్లో ఆదివారం పొద్దున ఇలాంటి సంభాషణ జరిగిందనుకుందాం. తండ్రి సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో ఏళ్ల తరబడి డంపర్ నడిపి రిటైరైన మనిషి. కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈమధ్యే పాత జిప్సీ ఒకటి కొన్నాడు. సెలవు దొరికితే చాలు... స్నేహితులతో కలిసి బండరాళ్ల మీదికి బండి ఎక్కిస్తుంటాడు. ఇప్పుడు దాని 'లో గేర్లు' విప్పించి వేరేవి వేయిస్తానంటున్నాడు. ఎవరైనా బండి వేగం పెరగాలని డబ్బు పెడతారు. తగ్గడానికి ఖర్చుపెట్టడమేంటన్నది తండ్రి సందేహం.

వినడానికి వింతగానే ఉంటుంది. కానీ ఆ వింత వెనకున్న సూత్రమే ఆయనను రోజూ గని లోతుల్లోకి దించి, క్షేమంగా పైకి తెచ్చింది. మాటల్లో పడితే ఆ సంగతి ఇద్దరికీ తెలిసొస్తుంది!

రాళ్లమీద పాకే బండి

కొడుకు చేసే సరదాకి 'రాక్ క్రాలింగ్' అని పేరు. అంటే రాళ్లమీద పాకడం. పేరులోనే ఉంది కిటుకంతా. ఇది పరుగుపందెం కాదు. మోకాలెత్తు బండరాయి మీదికి ఒక చక్రాన్ని మెల్లగా ఎక్కించి, అంతే మెల్లగా అవతలికి దించాలి. వేగంగా వెళ్లి గుద్దితే బండి కింది భాగం పగులుతుంది. ఎక్కే ముందు ఒకరు కిందికి దిగి, ఏ చక్రం ఏ రాయిమీద పడాలో చేతులతో సైగలు చేసి చెబుతుంటారు. డ్రైవరు యాక్సిలరేటర్‌ని తాకీతాకనట్టు ఉంచుతాడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల మీద 'రుబికాన్ ట్రెయిల్' అని ఓ రాళ్లదారి ఉంది. జీపుల వాళ్లంతా కలిసి ఆ దారిన వెళ్లే యాత్ర 1953లో మొదలైంది. యాభై ఏళ్ల తర్వాత, 2003లో జీప్ సంస్థ ఆ దారి పేరునే తన బండికి పెట్టి 'రాంగ్లర్ రుబికాన్'ని తెచ్చింది. దాని ప్రత్యేకత పెద్ద ఇంజిను కాదు... మరింత నెమ్మదిగా నడిపించే లో గేరు!

నిజానికి జీపు పుట్టుకలోనే ఈ నెమ్మది ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకోసం తయారైన విల్లీస్ జీపులో లో గేరు వేసి మొదటి గేరులో నడిపితే, ఇంజిను దాదాపు 26 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేది. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ సంస్థ రైతుల్ని దృష్టిలో పెట్టుకుని 'సీజే-2ఏ' అనే జీపును మార్కెట్లోకి తెచ్చింది. అందులో ఇంజిను 37 సార్లు తిరిగితేగానీ చక్రం ఒక చుట్టు పూర్తిచేయదు. సైనికుడి బండికంటే రైతు బండి నిదానం అన్నమాట. నాగలి లాగాలంటే కావాల్సింది వేగం కాదు కదా! మనదేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది. ఆ పాత జీపుల్లో డ్రైవరు పక్కన మూడు లివర్లు కనిపించేవి. ఒకటి మామూలు గేర్లకి, రెండోది ముందు చక్రాలకి కూడా శక్తి అందించడానికి, మూడోది లో గేరుకి.

జాకీ చెప్పే లెక్క

ఇంతకీ గేరు మారిస్తే బలం ఎలా పెరుగుతుంది?

పంక్చరైన కారును ఒక్క మనిషి చేతులతో లేపలేడు. అదే జాకీ పెడితే ఇంట్లో ఆడపిల్ల కూడా లేపేస్తుంది. కాకపోతే హ్యాండిల్‌ని పదేపదే తిప్పాలి. ఎన్నోసార్లు తిప్పితే బండి బెత్తెడు లేస్తుంది. అంటే దూరాన్ని వదులుకుని బలాన్ని కొనుక్కోవడం. గేరుబాక్సు చేసేదీ అదే పని. ఇంజిను ఎక్కువసార్లు తిరిగి చక్రం తక్కువసార్లు తిరిగితే, ఆ తగ్గిన వేగమంతా లాగే బలంగా మారుతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఈ మార్పు మూడుచోట్ల జరుగుతుంది. మొదటిది మామూలు గేరుబాక్సు. రెండోది దాని వెనకుండే 'ట్రాన్స్‌ఫర్ కేసు'. ముందు వెనక చక్రాలకి శక్తిని పంచేదీ, హై-లో గేర్లు ఉండేదీ ఇందులోనే. మూడోది యాక్సిల్ మధ్యలో ఉండే క్రౌను, పినియన్. ఈ మూడింటి అంకెల్నీ ఒకదానితో ఒకటి గుణిస్తే ఆ బండి ఎంత నెమ్మదిగా పాకగలదో తెలిసిపోతుంది.

ఉదాహరణకి 2023లో మనదేశంలో అమ్మకానికొచ్చిన మారుతి జిమ్నీ మాన్యువల్ బండినే తీసుకుందాం. మొదటి గేరు 4.425. లో గేరు 2.002. క్రౌను-పినియన్ 4.090. మూడింటినీ గుణిస్తే 36 పైచిలుకు. అంటే ఇంజిను 36 సార్లు తిరిగితే చక్రం ఒకసారి. ఇంజిను నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే బండి గంటకి మూడు కిలోమీటర్ల లోపు వేగంతో కదులుతుంది. మనిషి నడక గంటకి అయిదు కిలోమీటర్లు. అంటే బండి పక్కన నడిచే మనిషే ముందుకెళ్లిపోతాడు! అదే హై గేరులోనైతే దాదాపు ఆరు కిలోమీటర్ల వేగం వస్తుంది. మామూలు రోడ్డుమీద ఆ తేడా లెక్కలోకే రాదు. బండరాయి అంచున చక్రం నిలబడ్డప్పుడు మాత్రం అదే ప్రాణం.

ఇక 2018లో వచ్చిన రాంగ్లర్ రుబికాన్ మాన్యువల్ బండిలో ఈ అంకె 84. అదే 800 చుట్ల దగ్గర గంటకి కిలోమీటరున్నర మాత్రమే.

విప్పి మార్చేదేంటి?

జిప్సీ మనదేశంలోకి 1985లో వచ్చింది. 2019 దాకా మార్కెట్లో ఉంది. దాని తోబుట్టువే అమెరికాలో అమ్ముడైన సుజుకీ సమురాయ్. అక్కడి రాళ్లదారుల వాళ్లకి అదంటే ప్రాణం. చిన్నది, తేలికైనది, సందుల్లోనూ దూరుతుంది. లోటల్లా ఒకటే... దాని లో గేరు 2.268. బండలమీద ఆ నెమ్మది సరిపోదు. పైగా రాళ్లమీద నేలకి తగలకుండా ఉండాలని పెద్ద టైర్లు వేస్తారు. టైరు పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం వెళ్తుంది. అంటే బండి మళ్లీ వేగం పుంజుకుంటుంది, బలం తగ్గుతుంది.

అందుకే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి, లోపలి పళ్లచక్రాల్ని తీసేసి 4.16 అంకె ఉన్న సెట్టు వేయడం అక్కడ మొదలైంది. అంతకుముందు ఇంజిను 31 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగే బండిలో, ఆ మార్పు తర్వాత దాదాపు 57 సార్లు తిరగాలి. గంటకి మూడు కిలోమీటర్లకు పైగా పోయేది కాస్తా రెండు కిలోమీటర్లలోపుకి వస్తుంది.

వేరే దార్లూ ఉన్నాయి. క్రౌను-పినియన్ మార్చొచ్చు. అప్పుడు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రెండిట్లోనూ ఒకే అంకె ఉండేలా మార్చాలి. లేదంటే రెండు జతల చక్రాలూ చెరో వేగంతో తిరగాలని చూసి ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుంటాయి. ఇందులో మరో చిక్కు... హై గేరు కూడా నెమ్మదిస్తుంది. హైవేమీద ఇంజిను గోల పెడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంకొందరు ఒక ట్రాన్స్‌ఫర్ కేసు వెనక మరొకటి తగిలిస్తారు. అంకె మీద అంకె గుణించుకుంటూ పోతుంది. బండి నత్తలా నడుస్తుంది.

అయితే పెరిగిన బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా? 31 కాస్తా 57 అయ్యిందంటే యాక్సిల్ షాఫ్టుల మీదా, ముందు చక్రాల దగ్గరి జాయింట్ల మీదా పడే మెలి కూడా దాదాపు రెట్టింపవుతుంది. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, కదలని చక్రానికీ ఆగని ఇంజినుకీ మధ్య ఏది బలహీనమైతే అది పుటుక్కున తెగుతుంది. గేరుకోసం పెట్టిన ఖర్చు యాక్సిల్ దగ్గర మళ్లీ పెట్టాలి. పైగా ఒక చక్రం గాల్లో తేలితే ఎంత లో గేరున్నా అది ఊరికే తిరుగుతుంటుంది. దానికి డిఫరెన్షియల్ లాక్ అనే మరో ఏర్పాటు కావాలి. ఈ బండ్లలో ఫోర్‌వీల్ వేసి ఎండిన తారురోడ్డుమీద మలుపులు తిప్పడమూ తప్పే. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారుమీద జారదు కాబట్టి ఆ మెలి అంతా లోపలి పళ్లమీద పడుతుంది.

'ఎక్కుడు సరే... దిగుడు?'

ఇదంతా విన్నాక తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే. 'ఎక్కుడు సరే బిడ్డా... దిగుడెట్ల?'

గని మనిషి అడిగే ప్రశ్న అది. ఓపెన్‌కాస్టులో బొగ్గూ మట్టీ పైకి తెచ్చే హాల్ రోడ్డును సాధారణంగా ప్రతి 16 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరిగేలా వేస్తారు. చూడ్డానికి పెద్ద వాలుగా అనిపించదు. కానీ దానిమీద తిరిగేవి 35 టన్నులు, 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు. లోడుతో ఎక్కడం ఇంజిను పని. దిగేటప్పుడు ఆ బరువుని పట్టి ఉంచడమే అసలు పరీక్ష.

చిన్న లెక్క చూద్దాం. డంపరు, లోడు కలిపి 100 టన్నుల బరువు 50 మీటర్ల లోతుకి దిగిందనుకుంటే... ఆ దిగడంలో విడుదలయ్యే శక్తితో 150 లీటర్ల చల్లటి నీళ్లని మరిగించొచ్చు! ఆ వేడంతా బ్రేకులమీదే పడితే ఏమవుతుంది? బ్రేకు లైనింగు కాగిపోయి పట్టు తప్పుతుంది. చిన్నబండ్లలోనైతే బ్రేకాయిలే మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడలు తొక్కితే మెత్తగా కిందికి పోతుంది... బండి మాత్రం ఆగదు.

అందుకే డంపర్లలో 'రిటార్డర్' ఉంటుంది. బండి వాలులో తనంతట తాను దూసుకుపోవాలని చూసినప్పుడు అది ఆ జోరుని తనమీదికి తీసుకుంటుంది. కొన్నిట్లో ఆ వేడి నూనెలోకి, అక్కణ్నుంచి గాల్లోకి పోతుంది. కరెంటు మోటార్లతో నడిచే పెద్ద డంపర్లలో ఇంకో తమాషా. దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి చక్రాల్ని వెనక్కి పట్టి లాగుతాయి. పుట్టిన కరెంటు ఇనపతీగల చట్రాల్లో వేడిగా మారితే, ఫ్యాన్లు దాన్ని బయటికి ఊదేస్తాయి. బ్రేకులు చల్లగా మిగిలి... నిజంగా ఆపాల్సినప్పుడు పనికొస్తాయి. వాలు మొదలవకముందే తక్కువ గేరులోకి రావాలి, సగం దిగాక గేరు మారుద్దామనుకోకూడదు. ఆపరేటర్లకి మొదట నూరిపోసే పాఠమిది.

భూగర్భ గనుల్లోనూ ఇదే నీతి. ఇంక్లయిన్‌లో బొగ్గు టబ్బుల్ని ఇనపతాడుతో లాగే హాలేజీ ఇంజనులో మోటారు గిర్రున తిరిగితే, గేర్ల అవతల తాడు చుట్టుకునే డ్రమ్ము నింపాదిగా తిరుగుతుంది. తాడు తెగి టబ్బులు వాలులో జారితే ఆపడానికి దారి పొడవునా అడ్డాలుంటాయి. సింగరేణి ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకి 'వాలులో వదిలేసిన బరువు' అంటే ఏమిటో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

కొడుకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. లో గేరు వేసి రాళ్లమీంచి దిగుతున్నప్పుడు అతడు బ్రేకు తొక్కడు. తొక్కితే చక్రం బిగుసుకుని రాయిమీద జారుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తాడు. చక్రం ఒకసారి తిరగాలంటే ఇంజినుని 57 సార్లు తిప్పాలి కాబట్టి ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అంటే తండ్రి డంపర్లో రిటార్డర్ చేసిన పనే కొడుకు జిప్సీలో లో గేరు చేస్తోంది!

ప్రతి ఇంటికీ పనికొచ్చేది

రాళ్లమీద పాకే సరదా అందరికీ ఉండదు. ఘాట్‌రోడ్డు మాత్రం ఎవరికైనా తప్పదు. తిరుమల కావచ్చు, నిర్మల్ దాటాక మహబూబ్‌ఘాట్ కావచ్చు, మారేడుమిల్లి కావచ్చు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డులో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అక్కడికి గోదావరిఖని పెద్ద దూరం కాదు. అంజన్నకు మొక్కుకోని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ఆ రోజు తర్వాత ఘాట్‌రోడ్డు ఎక్కినప్పుడల్లా బస్సులో అందరి చూపూ డ్రైవరు మీదే!

సొంత కారులో వెళ్లేవాళ్లు మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఏ గేరులో కొండ ఎక్కాల్సి వస్తుందో ఆ గేరులోనే దిగాలి. బ్రేకుమీద కాలు పెట్టి ఉంచకుండా, కాసేపు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. మధ్యలో బ్రేకులు చల్లబడటానికి సమయం దొరుకుతుంది. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం... దిగేటప్పుడు న్యూట్రల్ చేయకూడదు, ఇంజిను ఆపకూడదు. ఆపితే బ్రేకుకి సాయంచేసే వాక్యూమ్, పవర్ స్టీరింగు రెండూ పోతాయి.

'న్యూట్రల్లో దిగితే ఆయిలు మిగులుతుంది కదా' అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పటి ఇంజిన్లలో ఆ లెక్క తప్పు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజినుని తిప్పుతాయి కాబట్టి ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తేనే ఇంజిను ఆగకుండా ఉండటానికి కాస్త కాస్త తాగుతూ ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగితే మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది.

చట్టం సంగతి

బండిలో మార్పులు చేయించాలనుకునేవాళ్లు ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ సంగతిని గట్టిగానే చెప్పింది. అనుమతిలేని మార్పులకి ఒక్కోదానికి అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆర్నెల్ల దాకా జైలుగానీ, రెండూ గానీ పడేలా 2019 సవరణలో చేర్చారు. అందుకని మెకానిక్ దగ్గరికంటే ముందు రవాణాశాఖ ఆఫీసులో, బీమా కంపెనీలో ఓ మాట అడగడం మంచిది. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన బాడీ బయటికే కనిపిస్తాయి. లోపలి గేర్లు కనిపించవు. కానీ రేపు ఏదైనా ప్రమాదం జరిగితే కనిపించనివే ముందు బయటపడతాయి.

మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. సాయంత్రం ఎండ తగ్గాక కొడుకు తండ్రిని బండిలో ఎక్కించుకుని ఊరి బయట రాళ్లగుట్ట దగ్గరికి తీసుకెళ్లాడనుకుందాం. పైకి ఎక్కించి, దిగేముందు లో గేరు వేశాడు. బ్రేకుమీంచి కాలు తీశాడు. బండి కిర్రుకిర్రుమంటూ ఒక్కో రాయే దిగుతోంది. తండ్రి పైనున్న కడ్డీ పట్టుకుని, మాట్లాడకుండా ఇంజిను చప్పుడే వింటున్నాడు. అడుగుకి చేరాక తీరిగ్గా అన్నాడు.

'మేమూ గిట్లనే దిగేటోళ్లం బిడ్డా. గేర్లు మార్పించుకో... గని, ముందుగాల ఆఫీసుల అడుగు. గా యాక్సిళ్లు సుత జూపించు.'